డీజిలుబండి నీరసమునకు నిదానము

ఇంటిలో పిల్లవానికి ఒడలు వెచ్చబడినచో తల్లి మొట్టమొదట నుదుటిపై చేయి వేసి చూచును. జ్వరము ప్రొద్దుట తగ్గి సాయంకాలము హెచ్చుచున్నదా, చలితో వచ్చుచున్నదా, దగ్గు కలదా, నాలుక యెట్లున్నది అని కనిపెట్టును. వైద్యుడు వచ్చి యడిగినప్పుడు ఈ సంగతులన్నియు చెప్పునది ఆమెయే. ఆమె చెప్పిన మాటలలోనే సగము వైద్యము జరిగిపోవును. అట్టి యిల్లాలే ఇంటి కారునకు నీరసము వచ్చినప్పుడు మాత్రము "బండి లాగుట లేదు" అను ఒక్క మాట చెప్పి, తాళపుచెవి మెకానిక్కు చేతిలో పెట్టి వచ్చుచున్నది. మగవారు ఇంతకన్న మిన్నగా చెప్పుచున్నారని యనుకొనవలదు. వారును ఆ మాటయే, కొంచెము గట్టిగా చెప్పుదురు.

ఆ ఒక్క మాటకు వర్క్‌షాపులో తరచుగా దొరకు సమాధానము "టర్బో పోయినదమ్మా" యనునది. టర్బో మార్చుట యనగా వేలకు వేల రూపాయల మాట. నిజముగా అదియే చెడినచో ఆ వ్యయము తప్పదు. కాని బలము తగ్గిన ప్రతి బండికిని టర్బో చెడియుండదు. పగిలిన రబ్బరు గొట్టమొకటి, మసిపట్టిన వాల్వొకటి, దుమ్ముతో నిండిన ఫిల్టరొకటి అదే లక్షణమును చూపగలవు. ఈ భేదమును కనుగొను మార్గమును సోదరీమణులకు తెలుపుటకే యీ వ్యాసము. స్పానరు పట్టుడని మేము కోరుట లేదు. పట్టినను తప్పు లేదు. కనిపెట్టుడని మాత్రము కోరుచున్నాము.

మొదట, డీజిలు ఇంజనునకు ఊపిరి ఎంత ముఖ్యమో తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజనునందువలె దీనిలో నిప్పురవ్వ వేయు ప్లగ్గులు లేవు. లోనికి పీల్చిన గాలిని పదునాఱు, పదునెనిమిది రెట్లు నొక్కగా అది తనంతట తానే కాగిపోవును. కాగిన ఆ గాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మగా భగ్గున మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897వ సంవత్సరమున ఆగ్స్‌బర్గు నగరములో నడిపి చూపిన ఇంజను సూత్రమిదియే. నూనెను ఎంతైనను చిమ్మవచ్చును. దానిని మండించుటకు తగిన గాలి లేనిచో మాత్రము అది బలముగా మాఱక మసిగా మాఱును. కట్టెలపొయ్యి యెఱిగినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. కట్టెలు కుక్కినకొలదిని పొగ పెరుగునే గాని మంట పెరుగదు. ఊదుగొట్టము తీసికొని ఒక్కమారు ఊదినచో మంట లేచును.

ఆ ఊదుగొట్టమే టర్బో. స్విట్జర్లాండు దేశస్థుడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి యను ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందెను. ఇంజను విడుచు పొగ మిక్కిలి వేడితోను వేగముతోను బయటికి పోవుచుండును గదా. ఆ త్రోవలో ఒక చిన్న చక్రమును, దాని యిరుసుయొక్క రెండవ కొనయందు మఱియొక చక్రమును ఉంచినారు. పోవు పొగ మొదటి చక్రమును త్రిప్పగా, రెండవది వెలుపలి గాలిని పీల్చి ఇంజనులోనికి నెట్టును. పారబోయు కడుగునీటితో కూరపాదులను పెంచుకొను ఇల్లాలికి ఈ యుపాయము నచ్చకమానదు. అరచేతిలో ఇముడునంతటి యా చక్రము నిమిషమునకు లక్షకు పైగా, చిన్న కార్లలో రెండు లక్షల వఱకును చుట్లు తిరుగును. ఇట్లు నొక్కబడిన గాలి వేడెక్కును గాన, దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పెట్టె యొకటి ముందువైపున నుండును. టర్బోనుండి దానికిని, దానినుండి ఇంజనునకును లావుపాటి రబ్బరు గొట్టములు పోవును. ఈ గొట్టములను గుర్తుంచుకొనవలెను. ముందు వాటితో పని గలదు.

లెక్క యొకటి చూతము. మన దేశమున 2007 మొదలు స్విఫ్టు డీజిలులోను, పిదప డిజైరు, ఇండికా విస్టా మొదలగు బండ్లలోను వచ్చిన ఫియట్ వారి ఇంజను 1,248 ఘనసెంటీమీటర్లది. మారుతి వారు 2020 ఏప్రిలులో డీజిలు కార్లను మానివేసినను, ఆ బండ్లు నేటికిని మన వీధులలో తిరుగుచునే యున్నవి. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు ఆ ఇంజను తన సొంత పీల్పుతో నిమిషమునకు సుమారు 1,248 లీటర్ల గాలిని త్రాగగలదు. అనగా నీళ్ల డ్రమ్ములు ఆఱింటికెడు. టర్బో తోడైనచో అంత చోటులోనే దాదాపు రెట్టింపు గాలి పట్టును. 75 గుఱ్ఱముల బలమని చెప్పుకొనునది ఈ రెట్టింపు ఊపిరి చలువయే. టర్బోగాలి అందనినాడు అది సగము ఊపిరితో కొండయెక్కు మనిషియే యగును.

ఈనాటి బండ్లలో కంప్యూటరు కూడ నొకటి కాపలా యున్నది. ఎంత గాలి వచ్చుచున్నదో సెన్సారులవలన ఎప్పటికప్పుడు తెలిసికొని, దానికి తగినంత నూనెయే విడుచును. గాలిలో ఏదైన తేడా కనబడినచో నూనెను కోసివేసి, ఇంజను చెడకుండ మెల్లగా నడిపించును. మెకానిక్కులు దీనిని లింప్ మోడ్ అందురు. మనము కుంటినడక యందము. మీటనెంత త్రొక్కినను బండి యొక వేగమునకు మించి పోనప్పుడు, అది మొండితనము కాదు, లోపలి కాపలావాని జాగ్రత్త యని తెలియవలెను.

ఇక నిదానమునకు వత్తము. నీరసము ఇంజనుదియేనా యనునది మొదటి ప్రశ్న. గేరులో పోవుచుండగా యాక్సిలరేటరు త్రొక్కినంతనే ఇంజను మ్రోత హెచ్చి, చుట్లు చూపు ముల్లు పైకి లేచి, బండి మాత్రము ఉన్నచోటనే యున్నట్లు తోచినచో, అది క్లచ్చి జాఱుటయే. దానికి టర్బోతో పనిలేదు. కొంతదూరము నడిపి ఆపిన పిదప ఒక చక్రమువద్ద మాత్రము కాలిన వాసనయు, వేడియు తగిలినచో బ్రేకు పట్టుకొని యున్నదన్నమాట. చేయి దగ్గఱకు పోనిచ్చి చూడవలెనే గాని తాకరాదు. టైర్లలో గాలి తగ్గినను బండి బరువుగా లాగును. మఱియొక సంగతి: పైన చెప్పిన చిన్న ఇంజను, క్రొత్తదైనను, 2,000 చుట్లకు లోపల మందకొడిగా నుండి, అది దాటగానే ఒక్కసారిగా ఉఱుకును. టర్బో చక్రము వేగమందుకొనుటకు పట్టు కాలమది. ఐదుగురు మనుష్యులు, మూటలు, ఏసీతో తిరుమల ఘాటురోడ్డెక్కుచు మూడవ గేరులో ఈడ్చుకొని పోయి, బండికి రోగమని బెంగపెట్టుకొనువారు కలరు. రెండవ గేరునకు దించి చూచినచో బెంగ తీరును. అది స్వభావమే గాని వ్యాధి గాదు.

నిన్న లాగిన గేరులో నేడు లాగనిచోనే వ్యాధి. అప్పుడు కనిపెట్టవలసినది వేళ. బలము ఒక్క దినమున హఠాత్తుగా పోయినదా, నెలల తరబడి క్రమముగ తగ్గినదా? హఠాత్తుగా పోయినచో గొట్టము ఊడుటయో పగులుటయో, ఏదైన సెన్సారు చెడుటయో అనుమానింపవలెను. క్రమముగా తగ్గినచో మసి, దుమ్ము, అఱుగుదల. మఱియు, రోడ్డుప్రక్కన ఆపి తాళము త్రిప్పి మరల వెలిగించినచో బండి కోలుకొనుచున్నదా? ఈ ప్రశ్న మిక్కిలి విలువైనది. కోలుకొని, మరల పెద్దరోడ్డుమీదనో ఎత్తుమీదనో కుంటుచున్నచో, కంప్యూటరు ఏదో చూచి బెదరి నూనె కోయుచున్నదని యర్థము. కొన్ని బండ్ల టర్బోలో పొగను మళ్లించు సన్నని రెక్కలుండును. అవి మసిచే బిగుసుకొని, గాలి కావలసినదానికన్న హెచ్చుగా వచ్చినప్పుడు ఇట్లు జరుగుట కద్దు. ఎన్నిమార్లు ఆపి వెలిగించినను మాఱనిచో గాలి కాఱిపోవుటయో, ఎక్కడనో త్రోవ పూడుటయో కావచ్చును.

పిమ్మట పొగ. వెనుక స్కూటరుమీద వచ్చు కొడుకునో మఱదినో చూడుమని చెప్పవచ్చును. నల్లపొగ విరివిగా వచ్చుచు బలము లేనిచో నూనె యున్నది, గాలి లేదు. పొగయే లేక బలమును లేనిచో నూనెయే అందుట లేదు, లేదా కంప్యూటరు అందనిచ్చుట లేదు. ఈ రెండు వాక్యములు తెలిసినవారు వెదకవలసిన చోటులో సగమును కొట్టివేయగలరు. నీలపుపొగ ఇంజనాయిలు మండుచున్నదనుటకు గుర్తు. వేడెక్కిన పిదప కూడ దట్టముగ తెల్లపొగ వచ్చుచున్నచో మండని నూనెయో, రేడియేటరు నీరో పోవుచున్నది. చలికాలపు ప్రొద్దుట కొలదిసేపు కనబడు తెల్లని ఆవిరికి భయపడనక్కఱలేదు. 2020 ఏప్రిలు మొదటి తేదీనుండి బీఎస్ 6 నిబంధన వచ్చిన పిమ్మటి బండ్లలో పొగమసిని పట్టు ఫిల్టరుండును గాన, వాటిలో లోపల ఎంత మసి పుట్టినను వెలుపల కనబడకపోవచ్చును. పొగ లేదని వాటిని నమ్మరాదు.

శబ్దమును వినవలెను. ఏసీ ఆపి, పాటలు ఆపి, ఎత్తుమీద త్రొక్కుచు వినవలెను. క్రొత్తగా "బుస్సు"మని గాలి పోవు శబ్దము వినబడుచున్నదా? సన్నని యీల హెచ్చినదా? లోహము లోహమును గీఱుకొను కీచుశబ్దము వచ్చుచున్నదా? మొదటిది గొట్టమును, మూడవది టర్బో చక్రమును చూపించును. ఈల మాత్రము కొన్ని బండ్లకు పుట్టుకతోనే యుండును గనుక, మునుపున్నదానికన్న హెచ్చినదా యనునదే ప్రశ్న.

మా యెఱుకలోని యొక యుపాధ్యాయిని రాజమహేంద్రవరమునుండి దినమును తన చిన్న డీజిలు కారులో పల్లెటూరి పాఠశాలకు పోయి వచ్చుచుండెడిది. ఒక వానకాలపు దినమున బండి బలము సగమునకు పడిపోయెను. వర్క్‌షాపువారు చూచి, ఇంజను నిలుకడగానున్నప్పుడు ఏ తేడాయు కనబడనందున టర్బో మార్చవలెనని తేల్చిరి. ఆమె తొందరపడక, రెండు దినములు కనిపెట్టి ఒక కాగితముమీద వ్రాసికొనెను. మూడవ గేరులో రెండువేలు దాటగానే బుస్సుమనును, దాటకున్న శబ్దము లేదు, నల్లపొగ కలదు, ఆపి వెలిగించినను మార్పు లేదు. ఆ కాగితమును మఱియొక ముసలి మెకానిక్కు చదివి, బండి క్రిందికి దూరి, ఇంటర్‌కూలరు గొట్టముయొక్క అడుగుభాగమును వ్రేళ్లతో తడిమి, అంగుళము పొడవు చీలికను పట్టుకొనెను. గాలి ఒత్తిడి లేనప్పుడు ఆ చీలిక పెదవులు మూసికొనినట్లు మూసికొనియుండును. ఒత్తిడి రాగానే తెఱచుకొనును. నిలబడియున్న బండిలో అది యెవ్వరికి కనబడును? గొట్టమునకును పనికిని అయిన వెల టర్బో వెల ముందు లెక్కలోనికి రానిది. మొదటి వర్క్‌షాపువారు మోసగాండ్రని మేమనజాలము. వారికి చెప్పినవారు లేరు, వారడుగను లేదు.

ఇట్టి చీలికల చుట్టు తఱచుగా నూనెతో తడిసిన దుమ్ము పేరుకొనియుండును. గొట్టపు కొనలయందలి క్లిప్పులు వదులైనను అంతే. చల్లారిన ఇంజనుపై బానెట్టు ఎత్తి, టార్చిలైటుతో ఈ తడిమఱకలను ఎవరైనను చూడవచ్చును. ఎయిర్‌ఫిల్టరును కూడ చూడవచ్చును. అనేక బండ్లలో దాని పెట్టె మూత క్లిప్పులతోనో నాలుగు స్క్రూలతోనో యుండును. కంకర రోడ్లవెంట, ఇటుకబట్టీల ప్రక్కన తిరుగు బండికి పుస్తకములో చెప్పిన గడువుకన్న ముందే అది నిండును. ఎలుక గూడు పెట్టుకొనుటయు కలదు! టర్బో మీట కదలుటకు కొన్ని బండ్లలో పెన్సిలంత సన్నని వాక్యూము గొట్టములుండును. ఎండకు పెళుసెక్కి అవి చిట్లినచో టర్బో నిక్షేపముగానుండియు పనిచేయదు. కొద్ది వెలగల ఆ గొట్టము కారణముగా క్రొత్త టర్బో కొనినవారు ఉన్నారు.

ఒక హెచ్చరిక ఇచ్చటనే చెప్పవలెను. నడచి వచ్చిన వెంటనే టర్బో దగ్గఱ చేయి పెట్టరాదు. ఎత్తులెక్కునప్పుడు దాని పొగవైపు వేడి 700 డిగ్రీలను మించును. తిరుగుచున్న బెల్టువద్దకు చీరకొంగు, చున్నీ, జడ పోనీయరాదు. ఇంజనునకు నూనె చిమ్ము ఇనుపగొట్టములను ఎన్నడును వదులు చేయరాదు; వాటిలోని ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేయి రెట్లు దాటియుండును. ఆ నూనె సన్నని ధారగా చిమ్మినచో చర్మమును సూదివలె చీల్చి లోనికి పోవును.

మసి సంగతి వంటింటివారికి క్రొత్త కాదు. విషవాయువులను తగ్గించుటకై విడిచిన పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికే పంపు ఈజీఆర్ అను వాల్వు ఒకటి యున్నది. పొగలోని మసియు, ఇంజనాయిలు ఆవిరియు కలిసి, పాతకాలపు వంటింటి దూలములకు పట్టిన జిడ్డుమసివలె దానిని పట్టును. మూసికొనవలసినప్పుడు అది మూసికొననిచో, మంచిగాలి ఉండవలసిన చోటులో పొగ నిండును. బండి మందగించి నల్లపొగ క్రక్కును. దానిని విప్పి శుభ్రము చేసినచో పలుమారు బాగగును. ఎల్లప్పుడును క్రొత్తది కొననక్కఱలేదు.

మసిఫిల్టరు సంగతి మాత్రము విశేషముగా మన ఇండ్లకు సంబంధించినది. సైలెన్సరు త్రోవలోనుండు ఈ ఫిల్టరు మసిని పట్టి నిలిపి, అప్పుడప్పుడు దానిని తానే కాల్చివేసికొనును. అట్లు కాల్చుకొనుటకు దాదాపు 600 డిగ్రీల వేడియు, ఆగక కొంతసేపు సాగు ప్రయాణమును కావలెను. బడికి రెండు మైళ్లు, కూరలబజారునకు ఒక మైలు, పుట్టింటికి మూడు మైళ్లు తిరుగు బండికి ఆ వేడి యెక్కడిది? కాల్చుకొన మొదలిడునంతలో మనము తాళము తీసివేయుదుము. మసి పేరుకొని ఊపిరి విడుచు త్రోవ పూడిపోవును. పీల్చుటకెంత త్రోవ కావలెనో విడుచుటకును అంత కావలెను గదా. డాష్‌బోర్డుపై ఫిల్టరు గుర్తు వెలిగిన తొలినాడే, తయారీదారు పుస్తకమును చూచి, పెద్దరోడ్డుమీద పావుగంటయో ఇరువది నిమిషములో నిలుకడ వేగముతో నడిపినచో చాలవఱకు సర్దుకొనును. ఆ గుర్తును పట్టించుకొనక నెలలు గడిపినచో వర్క్‌షాపుపాలు కావలసినదే. ఈ పని సగములో ఆగినకొలదిని, చిమ్మిన డీజిలు కొంత ఇంజనాయిలులో కలియును. డిప్‌స్టిక్కుమీద ఆయిలుమట్టము తగ్గుటకు మాఱు పెరిగినట్లు కనబడినచో సంతోషింపరాదు. వెంటనే ఆయిలు మార్పింపవలెను. ఇల్లు, బడి, బజారు తప్ప వేఱు తిరుగుడు లేనివారికి డీజిలుబండి తగినది కాదని మా యభిప్రాయము. కొనకమునుపు ఈ మాట చెప్పువారు దుకాణములో దొరకరు.

గాలి సంగతి ముగిసినది. నూనె సంగతి కొంచెము. డీజిలుఫిల్టరు పూడినను, దానిలో నీరు చేరినను, నెమ్మదిగా పోవునప్పుడు తెలియదు. ఎత్తెక్కునప్పుడును, పెద్దరోడ్డుమీద దాటిపోవునప్పుడును బండి నీరసించి అదరును. పొగ కనబడదు. డీజిలు పోయించిన దినముననే చెడినచో ఆ బంకును, తేదీని, రసీదును భద్రపఱుపవలెను. పొరబాటున పెట్రోలు పోసిరని తెలిసినచో ఇంజనును వెలిగింపనే రాదు.

నూనెత్రోవ పూడుట మోటారుబండి పుట్టిననాటి వ్యాధియే. 1888 ఆగస్టులో బెర్తా బెన్జ్ అను జర్మను ఇల్లాలు, భర్త కార్ల్ బెన్జ్ నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిలో ఇద్దఱు కొడుకులతో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. లోకమున మోటారుబండిపై జరిగిన మొదటి దూరప్రయాణమదియే. త్రోవలో ఇంధనపు గొట్టము పూడగా ఆమె తన టోపీసూదితో దానిని పొడిచి బాగుచేసికొనెను. వీస్లోఖు అను ఊరి మందులదుకాణములో ఇంధనము కొనెను. అఱిగిపోయిన బ్రేకులకు చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఎత్తులెక్కలేక నీరసించిన బండిని పిల్లలు నెట్టవలసివచ్చెను. ఇంటికి వచ్చి ఆమె భర్తతో చెప్పినది "బండి లాగుట లేదు" అని కాదు. కొండలెక్కుటకు ఇంకొక గేరు కావలెనని. ఆమెది డీజిలుబండి కాదు, నాటికి టర్బోయు లేదు. అయినను ఈ వ్యాసములో ఆమె పేరు చెప్పక పోవుటకు మాకు మనసొప్పలేదు.

ఇన్నియు కనిపెట్టిన పిదప మెకానిక్కువద్దకు పోయినప్పుడు, స్కానరు పెట్టి చూడుమని అడుగవలెను. అది చూపు సంఖ్యలను వ్రాసికొనవలెను. పి 0299 అనునది కావలసినంత టర్బోగాలి రాలేదనియు, పి 0087 అనునది నూనె ఒత్తిడి చాలలేదనియు తెలుపును. మొదటిదాని కర్థము టర్బో చెడినదని కాదు సుమా! గాలి తగ్గినదని మాత్రమే. ఎందుకు తగ్గినదో సంఖ్య చెప్పదు. ఇంకను మంచి పరీక్ష యొకటి కలదు. తాళము త్రిప్పి, ఇంజను వెలిగింపకమునుపు, గాలి యొత్తిడి సెన్సారు వెలుపలి వాతావరణపు ఒత్తిడిని చూపవలెను. విశాఖపట్టణమువంటి సముద్రతీరమున అది సుమారు 100 కిలోపాస్కలులు. ఎత్తున నున్న హైదరాబాదులో 95 ప్రాంతము. అట్లు చూపనిచో సెన్సారే అబద్ధమాడుచున్నది. పిమ్మట ఎత్తురోడ్డుమీద, ఒకరు నడుపుచుండగా మఱియొకరు స్కానరు చూచుచు, మూడవ గేరులో గట్టిగా త్రొక్కి, కంప్యూటరు కోరిన ఒత్తిడిని, నిజముగా వచ్చిన ఒత్తిడిని ప్రక్కప్రక్కన చూడవలెను. బాగుగానున్న టర్బోబండిలో అది 200 ప్రాంతమునకో, అంతకు మించియో పోవును. కోరినది 200, వచ్చినది 130 అయినచో గాలి తగ్గినది నిజము. రెండును సరిపోయి బలము లేనిచో టర్బోను వదలి నూనెవైపు వెదకవలెను. ఈ పరీక్ష చేయకుండ టర్బో మార్చవలెనని చెప్పువానిని, ఎట్లు తెలిసికొంటివని మర్యాదగా అడుగుట మన హక్కు.

అప్పుడప్పుడు టర్బోయే నిజముగా చెడియుండును. గాలివైపు గొట్టమును తీసి చక్రపు ఇరుసును వ్రేళ్లతో కదిపి చూచినచో తెలియును. ఇరుసు కొంచెము ఊగుట సహజమే. చక్రపు రెక్కలు చుట్టునున్న గోడను రాచుకొనుచున్నచో, లేక ముందు వెనుకలకు ఆడుచున్నచో అది అఱిగిపోయినది. నీలపుపొగయు, గొట్టములలో ఆయిలు మడుగులును తోడుగా నుండును. ఆ స్థితిలో బండిని నడుపరాదు. కాఱిన ఆయిలునే మండించుకొనుచు, తాళము తీసినను ఆగక ఇంజను విపరీత వేగముతో అఱచుట అరుదుగా జరుగును. గేర్లు మార్చు బండియైనచో, బ్రేకు గట్టిగా త్రొక్కి, పై గేరువేసి, క్లచ్చిని ఒక్కసారి విడిచి దానిని ఆర్పవలెను. అప్పటికిని ఆగనిచో దూరముగా తొలగిపోవుటయే మేలు.

టర్బో మార్పించునప్పుడు పాతది ఎందుకు చెడినదో అడుగక డబ్బు చెల్లింపవలదు. ఆ చక్రపు ఇరుసు ఆయిలు పొరమీదనే తేలుచు తిరుగును. ఆయిలు గడువునకు మార్పనిచో, దానిని తెచ్చు సన్ననిగొట్టము మడ్డితో పూడినచో, క్రొత్త టర్బోయు పాతదాని త్రోవయే పట్టును. ఆ గొట్టము మార్చిరా, కనీసము శుభ్రము చేసిరా, ఇంటర్‌కూలరులో నిలిచిన ఆయిలును వంపివేసిరా, క్రొత్త ఆయిలును ఫిల్టరును వేసిరా యని నాలుగు మాటలడిగి, తీసివేసిన పాత భాగమును చూపుమని కోరవలెను. పిదప మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బలము పోయినట్లు మొదట తెలిసిన ఆ యెత్తునకే పోయి, ఆ గేరులోనే, అంతే బరువుతో నడిపి చూచి, అప్పుడు బిల్లు తీసికొనవలెను.